సముద్రతీర దృశ్య చిత్రలేఖనం (వాడరేవు)

సముద్రతీర దృశ్య చిత్రలేఖనం అనగా చిత్రకారుడు తన పనిగదిలో కాక సముద్రపు ఒడ్డునే కూర్చుని, కంటి ఎదుట ఉన్న నీటిని, ఆకాశాన్ని, ఇసుకను, పడవలను, మనుషులను చూస్తూ రంగులలో చిత్రించే పద్ధతి. ఛాయాచిత్రం నుండి గాని, జ్ఞాపకం నుండి గాని వేసే చిత్రాలు ఈ కోవలోకి రావు. ఆంధ్రప్రదేశ్‌లో చీరాల సమీపాన గల వాడరేవు తీరం ఇటువంటి చిత్రణకు అనువైన స్థలాలలో ఒకటి. ఇసుక తిన్నెలు, సరుగుడు తోపులు, దీపస్తంభం, మత్స్యకారుల పడవలు, వలలు ఇక్కడ కొద్దిపాటి దూరంలోనే కనిపిస్తాయి. ఈ వ్యాసంలో ఈ కళాపద్ధతి చరిత్ర, ఆంధ్ర చిత్రకళతో దాని సంబంధం, వాడరేవు తీరాన్ని ఉదాహరణగా తీసుకొని దాని మెళకువలు వివరించబడినవి.

వాడరేవు తీరం

వాడరేవు బాపట్ల జిల్లాలో చీరాల పట్టణానికి సుమారు ఆరేడు కిలోమీటర్ల దూరంలో, బంగాళాఖాతపు ఒడ్డున ఉన్నది. "ఓడ", "రేవు" అనే మాటల కలయికే ఈ పేరు. వోడరేవు, ఓడరేవు అని కూడా వ్రాస్తారు. కోనసీమలోని ఓడలరేవు వేరు, ఇది వేరు. చీరాల ప్రాంతం 1970 వరకు గుంటూరు జిల్లాలోను, ఆ తరువాత ప్రకాశం జిల్లాలోను ఉండి, 2022 ఏప్రిల్ 4న కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరింది.

పడమటి వైపు ప్రత్తి, మిరప పండే నల్లరేగడి మైదానం ఉండగా, సముద్రం దగ్గరకు వచ్చేసరికి నేల పూర్తిగా ఇసుకగా మారుతుంది. తాటిచెట్లు, జీడిమామిడి, సరుగుడు, వేరుశనగ చేలు ఈ ఇసుక నేలలో కనబడతాయి. నల్లని నేల, తెల్లని ఇసుక, ఆ పైన నీలం అనే ఈ మూడు వర్ణాల మార్పు ఒక్క ఉదయపు ప్రయాణంలోనే చూడవచ్చు.

ఈ తీరానికి నౌకావాణిజ్య చరిత్ర కూడా కలదు. వాడరేవుకు నైరుతి దిశలో ఉన్న మోటుపల్లి కాకతీయుల కాలంలో ప్రసిద్ధ రేవు. విదేశీ వర్తకులకు అభయమిస్తూ గణపతిదేవ చక్రవర్తి 1244లో వేయించిన శాసనం అక్కడ ఉన్నది. మార్కో పోలో ఈ రేవును తన యాత్రా గ్రంథంలో పేర్కొన్నాడు. ఆనాటి రేవు ఈనాడు ఒక చిన్న గ్రామం. ఆనాటి ఓడలు, ఒడ్డు ఎలా ఉండేవో చూపే చిత్రమేదీ మనకు దక్కలేదు. శాసనం వర్తకుల సుంకాల గురించి చెబుతుంది గాని తీరపు రూపాన్ని చెప్పదు. కళ్ళ ఎదుట ఉన్నదానిని చూసి గీసిపెట్టడం ఎందుకు అవసరమో ఈ ఒక్క ఉదాహరణ తెలుపుతుంది.

చరిత్ర

ఐరోపాలో

ఐరోపాలో చాలా కాలం వరకు ప్రకృతి దృశ్యాలను బయట పెన్సిలుతో గీసుకొని, తరువాత గదిలో తైలవర్ణాలతో పూర్తిచేసేవారు. ఇంగ్లాండుకు చెందిన జాన్ కాన్‌స్టబుల్ 1821, 1822 సంవత్సరాలలో మేఘాలను చూస్తూ అనేక చిన్న తైలచిత్రాలు వేసి, వాటి వెనుక తేదీ, వేళ, గాలి దిక్కు వ్రాసి ఉంచాడు. 1824 నుండి బ్రైటన్ తీరంలో సముద్రాన్ని కూడా ఇదే విధంగా చిత్రించాడు.

1841లో అమెరికా చిత్రకారుడు జాన్ రాండ్ మడతపడే తగరపు గొట్టానికి పేటెంటు పొందాడు. అంతకుముందు నూరిన తైలవర్ణాలను పంది మూత్రాశయపు సంచులలో దాచేవారు. ఒకసారి పొడిచిన సంచి మళ్ళీ సరిగా మూసుకొనేది కాదు. మూత గల గొట్టాలు రావడంతో రంగులను సంచిలో వేసుకొని ఎక్కడికైనా తీసుకుపోవడం సాధ్యమైనది.

ఫ్రాన్సులో యూజీన్ బూదాఁ (1824 - 1898) నార్మండీ తీరంలో ఆకాశాన్ని, ఒడ్డున తిరిగే జనాన్ని చిత్రించాడు. యువకుడైన క్లాడ్ మోనే ఆరుబయట చిత్రించడం అలవాటు చేసుకొన్నది ఇతని ప్రోత్సాహంతోనే. మోనే 1872లో ల హావ్ర రేవును చిత్రించిన "ఇంప్రెషన్, సన్‌రైజ్" 1874 నాటి ప్రదర్శనలో ఉంచబడింది. ఇంప్రెషనిజం అన్న పేరు దీని నుండే వచ్చింది. స్పెయిన్ దేశపు హోకిన్ సొరోయా (1863 - 1923) వలెన్సియా తీరంలో మత్స్యకారులను, ఎండలో ఆడుకొనే పిల్లలను చిత్రించి పేరు పొందాడు.

ఈ చిత్రాలు నిజంగా ఒడ్డునే వేయబడినవనడానికి రంగులోనే సాక్ష్యం దొరికిన సందర్భాలు ఉన్నాయి. మోనే 1870లో త్రూవీల్ వద్ద వేసిన బీచి చిత్రంలోను, విన్సెంట్ వాన్ గో 1882 ఆగస్టులో స్హెవెనింగెన్ వద్ద వేసిన సముద్ర చిత్రంలోను ఇసుక రేణువులు రంగులో అంటుకొని కనిపిస్తాయి.

భారతదేశంలో

కోరమాండల్ తీరాన్ని మొదట చిత్రించిన ఐరోపా వారిలో థామస్ డేనియల్, అతని అన్నకొడుకు విలియం డేనియల్ ముఖ్యులు. వీరి "ఓరియంటల్ సీనరీ" (1795 - 1808) చిత్రాలలో మద్రాసు తీరం, ఒడ్డున విరిగే అలలు కూడా ఉన్నాయి. ఓడలు లోతునీటిలో ఆగిపోగా, మనుషులను, సరకులను అలల మీదుగా ఒడ్డుకు చేర్చినవి మసూలా పడవలు. వీటి పలకలను మేకులతో కాక కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు. అందువలన నేలను తాకినపుడు పడవ పగలకుండా వంగి సర్దుకొనేది. ఈ పడవల వివరం ఈనాడు మనకు తెలియడానికి ఆనాటి చిత్రాలు చాలావరకు తోడ్పడినాయి.

1850లో అలెగ్జాండర్ హంటర్ మద్రాసులో కళాపాఠశాల స్థాపించాడు. 1929లో దేవీప్రసాద్ రాయ్ చౌదురి దానికి అధిపతి అయ్యాడు. ఆయన శిష్యుడు కె.సి.ఎస్. పణిక్కర్ (1911 - 1977) తొలి దశలో నీటిరంగులలో ప్రకృతి దృశ్యాలు వేశాడు. 1966లో పణిక్కర్ ఆధ్వర్యంలో మద్రాసుకు దక్షిణంగా సముద్రపు ఒడ్డున చోళమండల్ కళాకారుల గ్రామం ఏర్పడింది.

ఆంధ్రదేశంలో

ఆధునిక ఆంధ్ర చిత్రకళలో ప్రకృతిని ప్రత్యక్షంగా చూసి చిత్రించే అలవాటుకు రాజమండ్రి పుట్టినిల్లు. అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే (1882 - 1958) స్వయంగా చిత్రకారుడు, రచయిత. విద్యార్థులను ఊళ్ళు, కొండలు, నదీతీరాలు చూడడానికి వెంట తీసుకువెళ్ళేవాడు. ఆయన చేరదీసిన వారిలో దామెర్ల రామారావు (1897 - 1925), అడివి బాపిరాజు (1895 - 1952) ముఖ్యులు. రామారావు బొంబాయి జె.జె. కళాపాఠశాలలో చదివి రాజమండ్రికి తిరిగివచ్చి గోదావరి ప్రాంతపు దృశ్యాలను చిత్రించాడు, చిత్రకళా పాఠశాలను నెలకొల్పాడు. మశూచి సోకి ఇరవై ఎనిమిదవ ఏడు నిండకుండానే మరణించాడు. ఆయన చిత్రాలు రాజమండ్రిలోని ఆయన పేరిట గల చిత్రశాలలో భద్రపరచబడినవి.

మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార చటర్జీ బెంగాలు సంప్రదాయంలో చిత్రకళ నేర్పాడు. ఆ సంప్రదాయంలో పురాణ విషయాలకు, భావానికి ప్రాధాన్యం ఎక్కువ, ఎదుటి దృశ్యానికి తక్కువ. రాజమండ్రి, మచిలీపట్నం శాఖల మధ్య గల ఈ భేదం విద్యార్థులు గమనింపదగినది. గుంటూరు ప్రాంతంలో తుమ్మపూడికి చెందిన సంజీవదేవ్ (1914 - 1999) ప్రకృతి దృశ్యాలు చిత్రించడమే కాక, ప్రకృతిని చూడడం గురించి తెలుగులో విస్తారంగా వ్యాసాలు వ్రాశాడు.

నదిని చిత్రించినంతగా ఆంధ్ర చిత్రకారులు సముద్రాన్ని చిత్రించలేదు. 

వెలుతురు, వేళ

వాడరేవు వద్ద తీరరేఖ ఈశాన్యం నుండి నైరుతికి సాగుతుంది. ఒడ్డున నిలబడి నీటివైపు చూసేవారికి ఎదురుగా ఆగ్నేయం, ఎడమచేతి వైపు ఈశాన్యం, కుడిచేతి వైపు నైరుతి ఉంటాయి. దీనివలన కాలాన్ని బట్టి వెలుతురు ఇలా మారుతుంది:

* వేసవిలో సూర్యుడు తూర్పునకు ఉత్తరంగా ఉదయిస్తాడు. కనుక ఎడమవైపు తీరరేఖకు దగ్గరగా కనబడతాడు. పడవల ఒక ప్రక్కన వెలుగు, మరొక ప్రక్కన నీడ స్పష్టంగా విడిపోతాయి. జూన్‌లో సూర్యోదయం సుమారు 5 గంటల 35 నిమిషాలకు.
* శీతకాలంలో సూర్యుడు తూర్పునకు దక్షిణంగా, సముద్రం మీదనే ఉదయిస్తాడు. అప్పుడు పడవలు, మనుషులు నల్లని ఆకారాలుగా కనిపిస్తాయి. డిసెంబరు చివర సూర్యోదయం సుమారు 6 గంటల 30 నిమిషాలకు.
* మధ్యాహ్నం ఇసుక మీద కాంతి తీవ్రంగా ఉండి రంగుల తేడా కంటికి ఆనదు. కొత్తవారు ఈ వేళను విడిచిపెట్టడం మంచిది.
* సాయంత్రం సూర్యుడు వెనుకవైపు, నేల మీదుగా ఉంటాడు. నీటి అసలు రంగు, అలల ఆకుపచ్చదనం బాగా తెలిసేది ఈ వేళనే.

సూర్యుడు గంటకు 15 డిగ్రీల చొప్పున కదులుతాడు. తెల్లవారిన తరువాత మొదటి గంటలో నీడల పొడవు అతివేగంగా తగ్గుతుంది. అందువలన ఒక చిత్రానికి అరగంట నుండి గంట మాత్రమే కేటాయించి, నీడలను మొదటనే గుర్తుపెట్టుకోవాలి. వెలుతురు మారినకొద్దీ చిత్రాన్ని మారుస్తూ పోతే చివరకు ఏ వేళకూ చెందని చిత్రం మిగులుతుంది. మోనే దీనికి ఒక ఉపాయం పాటించాడు. ఎత్రెతా తీరంలో ఒకే దృశ్యానికి వేర్వేరు వేళలకు వేర్వేరు కాన్వాసులు పెట్టుకొని, వెలుతురు మారగానే కాన్వాసు మార్చేవాడు. రచయిత మొపాసా దీనిని కళ్ళారా చూసి 1886లో వ్రాశాడు.

దృశ్య నిర్మాణం

దిగంతరేఖ: నీరు, ఆకాశం కలిసే గీత ఎల్లప్పుడు చూసేవారి కంటి ఎత్తులోనే ఉంటుంది. ఇసుకపై నిలబడిన మనిషికి దిగంతం సుమారు నాలుగున్నర కిలోమీటర్ల దూరంలోను, ఆరు మీటర్ల ఎత్తు గల తిన్నె ఎక్కితే సుమారు పది కిలోమీటర్ల దూరంలోను ఉంటుంది. సమతలమైన ఒడ్డున చిత్రకారుడు నిలబడి గీస్తున్నట్లయితే, అతనంత ఎత్తు గల మనుషులందరి కళ్ళు, దగ్గరివారైనా దూరపువారైనా, ఆ గీత మీదికే వస్తాయి. కూర్చుని గీస్తే గీత వారి నడుము, ఛాతీల మధ్యకు దిగుతుంది. మనుషులను ఇష్టం వచ్చిన ఎత్తులో పెట్టడం విద్యార్థులు తరచుగా చేసే తప్పు. దిగంతరేఖను పొరపాటున వాలుగా గీస్తే సముద్రం ఒక ప్రక్కకు ఒలికిపోతున్నట్లు కనబడుతుంది.

అల: లోతు తగ్గేకొద్దీ అల అడుగుభాగం వెనుకబడి పైభాగం ముందుకు వంగుతుంది. అల ఎత్తు అక్కడి నీటిలోతులో సుమారు నాలుగింట మూడు వంతులకు చేరినపుడు విరుగుతుంది. విరగబోయే అల పైఅంచు పలుచగా ఉండి వెలుతురును లోపలి నుండి ప్రసరింపజేస్తుంది. అందుకే అక్కడ ఆకుపచ్చ కాంతి కనబడుతుంది. అలను కదలకుండా నిలిపి చూడలేము కనుక, పది పన్నెండు అలలను ఊరక చూసి, వాటన్నిటిలోను ఉమ్మడిగా ఉన్న ఆకారాన్ని గీయాలి.

నురుగు: నురుగు తెల్లనిదని తెలిసినా, ఎదురు వెలుతురులో అది ఆకాశం కంటె నల్లగా ఉంటుంది. దాని నీడ భాగంలో ఊదా, బూడిద రంగులు కనబడతాయి. కాగితపు తెలుపును అతి కొద్ది చోట్ల మాత్రమే వదలాలి.

తడి ఇసుక: పొడి ఇసుక కంటె తడి ఇసుక ముదురుగా ఉంటుంది. అదే సమయంలో అద్దం వలె ఆకాశాన్ని చూపుతుంది. అల వెనుకకు పోయిన కొద్ది క్షణాలు మాత్రమే ఈ ప్రతిబింబం నిలుస్తుంది.

పడవ: పడవ అంచు వంపును గీయడానికి అడ్డంగా పడుకోబెట్టిన 8 అంకెను ఊహించుకోవడం పాత ఉపాయం. ఒడ్డుకు లాగిన పడవ ఎప్పుడూ ఒక ప్రక్కకు ఒరిగి ఉంటుంది. ఆ ఒరుగును వదలివేస్తే పడవ ఇసుకపై బొమ్మ వలె తేలుతుంది.

రంగులు

నాలుగైదు రంగులతోనే ఈ తీరాన్ని చిత్రించవచ్చు: అల్ట్రామెరీన్, సెరూలియన్ నీలాలు, ఎల్లో ఓకర్, బర్న్‌ట్ సియెన్నా, అలిజరిన్ క్రిమ్సన్. అల్ట్రామెరీన్, బర్న్‌ట్ సియెన్నా కలిపితే మబ్బుకు, పడవ నీడకు పనికివచ్చే బూడిద రంగు వస్తుంది. నలుపు గొట్టం అవసరం లేదు. సముద్రం అంతటా నీలంగా ఉండదు. ఒడ్డున మట్టి కలిసిన గోధుమ రంగు, తరువాత ఆకుపచ్చ, దూరాన నీలం పట్టీలుగా కనిపిస్తాయి. వానాకాలం తరువాత నీటిలో ఒండ్రు ఎక్కువై గోధుమ పట్టీ వెడల్పవుతుంది.

ఈ రంగులలో ఒకదానికి చీరాలతో బంధుత్వం కలదు. కోరమాండల్ తీరపు ఇసుక నేలల్లో దొరికే చిరివేరు నుండి అద్దకపువారు ఎర్రరంగు తీసేవారు. నిజాంపట్నం (ఆనాటి పేటపోలి) ప్రాంతపు ఎరుపు పదిహేడవ శతాబ్దంలో ఐరోపా వర్తకులను ఆకర్షించింది. చిరివేరులోని ఎర్రని పదార్థం అలిజరినే. 1868లో జర్మనీ రసాయన శాస్త్రజ్ఞులు గ్రేబ, లీబర్‌మన్ అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. దానితో మొక్క వేరు నుండి రంగు తీసే వ్యవసాయం దెబ్బతిన్నది. చీరాల తేలియా రుమాళ్ళ ఎరుపు, చిత్రకారుని గొట్టంలోని క్రిమ్సన్ ఒకే పదార్థానికి రెండు రూపాలు. అయితే కాగితంపై పలుచగా పూసిన అలిజరిన్ క్రిమ్సన్ ఎండకు వెలిసిపోతుంది. శాశ్వతంగా ఉండవలసిన చిత్రాలకు క్వినాక్రిడోన్ జాతి ఎరుపులు వాడుతున్నారు.

సామగ్రి, తీరంలోని ఇబ్బందులు

* గాలి: పొద్దెక్కిన తరువాత సముద్రపు గాలి బలపడుతుంది. ఈజిల్ కాళ్ళకు ఇసుక నింపిన సంచి వ్రేలాడదీస్తే పడిపోదు. కాగితాన్ని నాలుగు ప్రక్కలా అట్టకు అంటించాలి.
* తేమ: తెల్లవారుజామున గాలిలో తేమ వలన నీటిరంగు త్వరగా ఆరదు. ఎండ ఎక్కిన తరువాత కుంచె కదిలేలోగా ఆరిపోతుంది. కనుక ఆకాశానికి కావలసిన పెద్ద పూతలను పొద్దున్నే ముగించుకోవాలి.
* ఉప్పు: సముద్రపు నీటితో రంగులు కలపరాదు. ఆరిన తరువాత ఉప్పు పలుకులు మిగిలి కాగితం తేమను పీలుస్తుంది. రెండు డబ్బాల మంచినీరు తీసుకువెళ్ళాలి.
* ఎండ: కాగితంపై నేరుగా ఎండ పడితే కన్ను చెదిరి రంగులు ముదురుగా వేస్తారు. నీడకు తెచ్చి చూస్తే చిత్రం నల్లబడి కనిపిస్తుంది. గొడుగు రంగురంగులది కాక తెలుపు లేదా నలుపుది ఉండాలి.
* ఆటుపోట్లు: ఇక్కడ పోటు, పాటుల మధ్య తేడా సుమారు ఒక మీటరు మాత్రమే. అయినా వాలు తక్కువైన ఒడ్డున నీరు చాలా మీటర్లు ముందుకు వస్తుంది. 1885 నవంబరులో ఎత్రెతా వద్ద పోటు వేళను తప్పుగా లెక్కించిన మోనేను అల కొట్టి, సామగ్రి సముద్రం పాలయింది.

మారుతున్న దృశ్యం

తీరాన్ని చిత్రించేవారు గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం, ఎదుట ఉన్నది త్వరలో ఉండకపోవచ్చునన్నది. తేలిక కర్ర దుంగలను తాళ్ళతో కట్టి చేసే తెప్ప ఒకప్పుడు ఈ తీరమంతటా ముఖ్యమైన వాహనం. ఒడ్డుకు వచ్చిన తరువాత కట్లు విప్పి దుంగలను ఆరబెట్టేవారు. 1980ల తరువాత ఫైబర్ పడవలు, మోటార్లు కోరమాండల్ తీరంలో వ్యాపించాయి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ అనంతర పునరావాసంలో వచ్చిన పడవలతో ఈ మార్పు ఇంకా వేగవంతమైనది. అలివి వలను రెండు కొసలా పట్టి పదుల మంది ఒడ్డుకు లాగే దృశ్యం కూడా క్రమంగా అరుదవుతున్నది.

ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు తూర్పు తీరంలో యాంత్రిక పడవల వేటపై నిషేధం ఉంటుంది. అప్పుడు పడవలు ఒడ్డున నిలిచి ఉంటాయి. వాటి ఆకారాన్ని తీరికగా అధ్యయనం చేయడానికి ఇది తగిన సమయం. చిత్రకారునికి తీరిక అయిన ఈ రెండు నెలలు మత్స్యకార కుటుంబానికి ఆదాయం లేని కాలమని మరువరాదు.

తుపానులు కూడా ఒడ్డు రూపాన్ని మారుస్తాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. వాడరేవు వద్ద చేపల రేవు నిర్మాణం ప్రభుత్వ ప్రణాళికలలో చేరింది. గోడలు, గట్లు వచ్చినచోట ఇసుక కదలిక మారి, ఒక వైపు ఒడ్డు పెరిగి మరొక వైపు కోతపడడం అనేక తీరాలలో కనబడిన విషయం. కనుక తేదీ, వేళ, గాలి దిక్కు, కూర్చున్న స్థలం వెనుక వ్రాసిపెట్టిన సాధారణ చిత్రం కూడా కొన్నేళ్ళకు ఆధారపత్రంగా విలువ పొందుతుంది. కాన్‌స్టబుల్ పద్ధతి అనుసరణీయం కావడానికి కారణమిదే.

మర్యాదలు, జాగ్రత్తలు

ఒడ్డు మత్స్యకారులకు పని స్థలం. పడవ లాగేటప్పుడు, వల దించేటప్పుడు దారికి అడ్డుగా ఈజిల్ నిలపరాదు. ఆరబెట్టిన వలలను, చేపలను తొక్కరాదు. మనిషిని దగ్గరగా చిత్రించేముందు అనుమతి అడగాలి, పూర్తయిన తరువాత వారికి చూపాలి. పడవలోని తాడు ఎక్కడ కట్టాలో, తెరచాప ఎటు వంగుతుందో వారికంటె బాగా చెప్పగల గురువు లేడు. చిత్రంలో తప్పు ఉంటే వారు మొదటి చూపులోనే పట్టుకొంటారు.

ఈ తీరంలో స్నానానికి దిగినవారు మునిగిపోయిన సంఘటనలు పలుమార్లు జరిగాయి. విద్యార్థులతో వచ్చే ఉపాధ్యాయులు పిల్లలను నీటిలోకి దిగనీయకుండా చూడాలి. రంగు కడిగిన నీటిని, ఖాళీ గొట్టాలను, టర్పెంటైన్ గుడ్డలను ఇసుకలో వదలరాదు.

విద్యార్థులకు ఉపయోగం

ఈ పద్ధతిలో వేసిన చిత్రాలలో చాలావరకు అసంపూర్ణంగా ఉంటాయి. అది లోపం కాదు. ఛాయాచిత్రం ఒక క్షణాన్ని మాత్రమే పట్టుకొంటుంది. గంటసేపు ఒడ్డున కూర్చుని వేసిన చిత్రంలో ఆ గంటలో కంటికి తెలిసినదంతా, ఏది ముఖ్యమో ఏది కాదో అన్న ఎంపికతో సహా చేరుతుంది. ఒకే స్థలాన్ని ఏడాదిలో ప్రతి నెలా ఒకసారి చిత్రించిన విద్యార్థికి ఋతువులు, గాలులు, తీరపు కదలిక, వేట కాలాలు పాఠ్యపుస్తకం అవసరం లేకుండానే తెలుస్తాయి. ఆ పన్నెండు కాగితాలు దాచి ఉంచితే, తరువాతి తరం వారికి వాడరేవు ఎలా ఉండేదో తెలుపుతాయి.

ఇవి కూడా చూడండి

* చీరాల
* మోటుపల్లి
* దామెర్ల రామారావు
* అడివి బాపిరాజు
* సంజీవదేవ్
* నీటిరంగుల చిత్రకళ
* ఇంప్రెషనిజం